ఫోన్ మన ఊరిని ఏం చేసింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటర్నెట్, ఏఐ మన సమాజాన్ని ఎలా మారుస్తున్నాయో చదవడం కూడా ఒక చదువేనని, ఆ చదువుకు మన వరంగల్ చుట్టుపక్కలే కావలసినంత పని ఉందని పోయిన నెల ఈ పేజీలో రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. హనుమకొండ, నర్సంపేట, జమ్మికుంట, భూపాలపల్లి, జగిత్యాల... అన్ని వైపుల నుంచీ వచ్చాయి. అన్నింటికీ చోటు లేదు కాబట్టి ఏడు తీసుకున్నాను. పేర్లు తీసేశాను, కొన్ని ఉత్తరాలు కుదించాను.

"నేను బీఏ ఫైనలియర్. మీరు రాసిన చదువే చదవాలని ఉంది. మా బాపు 'అది కంప్యూటర్ చదువా, సోషల్ చదువా, ఒకటి చెప్పు, నౌకరీ వస్తదా?' అని అడుగుతున్నడు. నా దగ్గర జవాబు లేదు. నాకు కోడింగ్ రాదు, మ్యాథ్స్ ఇంటర్‌లోనే వదిలేసిన. చదవొచ్చా?" – విద్యార్థిని, హనుమకొండ

బిడ్డా, చదవొచ్చు. మీ బాపు అడిగినదాంట్లో తప్పేం లేదు, ఆయనకు జవాబు చెప్పగలగాలి నువ్వు. అందుకే నేను చూసిన ఒక సంగతి చెప్తాను.

ఆ మధ్య నా పని మీద వెళ్లి ఒక మీసేవ సెంటర్లో రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. ఒక ముసలమ్మ వచ్చింది. చేతిలో పాలిథిన్ కవర్, అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, రబ్బరు బ్యాండు వేసిన పాత కాగితాలు. కౌంటర్లో అబ్బాయి నంబరు కొట్టి "ఓటీపీ వచ్చింది, చెప్పమ్మా" అన్నాడు. ఆమె దగ్గర ఫోన్ లేదు. ఓటీపీ హైదరాబాద్‌లో పనిచేసే మనవడి ఫోన్‌కి పోయింది. ఆ అబ్బాయే తన ఫోన్ నుంచి మనవడికి చేశాడు, ఎత్తలేదు. ఆమె పక్కకు జరిగి గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత వచ్చిన ఆరుగురి పనులు అయిపోయాయి. నలభై నిమిషాలకు మనవడు ఫోన్ ఎత్తాడు, ఈలోపు ఆ ఓటీపీ టైం అయిపోయింది, మళ్లీ పంపించారు.

కంప్యూటర్ చదివినవాళ్లు ఇక్కడ సర్వర్ ఎంత స్పీడుగా ఉందో చూస్తారు. నువ్వు చదవాలనుకునే చదువు, ఆమె పని ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చూస్తుంది. ఒకప్పుడు కాగితం కావాలంటే పట్వారీ ఇంటి ముందు నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆమె పట్వారీని బతిమాలక్కర్లేదు, అది చిన్న విషయం కాదు. కానీ మనవడు ఫోన్ ఎత్తేదాకా ఆగాలి. ఆ కౌంటర్ అబ్బాయి మంచివాడు కాబట్టి సొంత ఫోన్ నుంచి చేశాడు, కాకపోతే ఆమె బస్సెక్కి వెనక్కి పోయేది. ఇది మంచి మార్పా చెడ్డ మార్పా అని అప్పటికప్పుడు తేల్చేయకూడదు. చూడాలి, రాసుకోవాలి, ఇంకో ముప్పై ఇళ్లలో అడగాలి, ఎంతమంది ముసలివాళ్ల నంబరు వాళ్ల ఫోన్‌కే ఉంది, ఎంతమందిది కొడుకు దగ్గర, కోడలి దగ్గర, ఆఖరికి మీసేవ అబ్బాయి దగ్గర ఉంది అని లెక్క తియ్యాలి. మీ బాపుకి ఈ కథ చెప్పు. రెండూ కలిసిన చదువని ఆయనకే అర్థమవుతుంది.

ఇక ఎక్కడ చదవాలంటే, ప్రపంచంలో దీనికి పేరున్న చోటు ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్, 2001లో పెట్టారు. మన దేశంలో ఐఐఐటీ బెంగళూరు ఎమ్మెస్సీ డిజిటల్ సొసైటీ పేరుతో రెండేళ్ల కోర్సు పెట్టింది, వాళ్ల అడ్మిషన్ నోటిఫికేషన్ చూస్తూ ఉండు. ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటింగ్‌తో పాటు మానవ శాస్త్రాలు కలిపి చదివే కోర్సు ఉంది, కానీ అది ఇంటర్ తర్వాత చేరేది, నీకు దాటిపోయింది. మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇంటర్‌లో ఉంటే చెప్పు. నీకు దగ్గరి దారి ఏమిటంటే ఎం.ఏ. సోషియాలజీ గానీ కమ్యూనికేషన్ గానీ చేసి, ప్రాజెక్టు ఈ విషయం మీద తీసుకోవడం. కాకతీయ యూనివర్సిటీకైతే సీపీగెట్ రాయాలి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. కోర్సు పేరులో 'ఇంటర్నెట్' అని లేకపోయినా ఏం కాదు, గైడు ఒప్పుకుంటే చాలు.

మ్యాథ్స్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. స్టాటిస్టిక్స్ నేర్చుకోక తప్పదు. సగటు ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు, నలభై మందిని అడిగి జిల్లా మొత్తం గురించి చెప్పొచ్చా, ఇవి తెలియకుండా ఈ చదువు సాగదు. కోడింగ్ తర్వాత నెమ్మదిగా పట్టుబడుతుంది. నౌకరీ గురించి కూడా మీ బాపుకి అబద్ధం చెప్పొద్దు. సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లకు వచ్చినట్టు మొదటి నెల నుంచే పెద్ద జీతం రాదు, వరంగల్‌లో కూర్చుని దొరికే ఉద్యోగాలు తక్కువ. రీసెర్చ్ సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, జనం యాప్‌లను ఎలా వాడుతున్నారో అడిగి తెలుసుకునే పనికి కంపెనీల్లో, పత్రికల్లో అవకాశాలున్నాయి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసై, జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్లూ ఇంటి మీద ఆధారపడే పని ఉండదు.

"నేను మిర్చి రైతును. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట అయిన ఐదు నిమిషాలకే ధర వాట్సాప్‌లో మా ఊరికి వస్తున్నది. అయినా నా మిర్చికి ఆ ధర ఒక్కనాడు రాలేదు. అన్నీ తెలిసి కూడా ఏం లాభం? దీని మీద ఎవరన్నా చదువుకున్నోళ్లు లెక్క తీసిన్రా?" – రైతు, నర్సంపేట దగ్గర

అన్నా, తీశారు. మన మిర్చి మీద కాదు, కేరళ చేపల మీద.

1997లో ఉత్తర కేరళ తీరంలోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త అంతకు ముందు నుంచే అక్కడి రేవుల్లో వారం వారం చేపల ధరలు రాయించి, అట్లా 2001 దాకా లెక్క తీశాడు. ఫోన్ రాకముందు సంగతి ఒకటి ఆయన రాశాడు, చదివినప్పుడు నాకు మన టమాటా రైతులు గుర్తొచ్చారు. 1997 జనవరిలో ఒక పొద్దున వడకర రేవులో 11 మంది జాలర్లు కొనేవాళ్లు లేక పట్టిన చేపల్ని పారబోసుకున్నారు. అదే పొద్దున 15 కిలోమీటర్ల లోపు రేవుల్లో కొనడానికి వచ్చిన 27 మంది చేపలు దొరక్క వెనక్కి పోతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే. ఫోన్లు వచ్చాక పడవ సముద్రంలో ఉండగానే ఏ రేవులో ధర ఉందో కనుక్కుని అక్కడికే తిప్పడం మొదలుపెట్టారు. చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. 2007లో అచ్చయిన ఆయన లెక్క ప్రకారం జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలే. ఫోన్ పేదవాడికి మేలు చేస్తుందనడానికి ప్రపంచమంతా ఈ లెక్కనే చూపించారు.

కొన్నేళ్లకు జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే ఇద్దరు పరిశోధకులు మళ్లీ కేరళ తీరానికి వెళ్లి జాలర్లతో మాట్లాడారు. ఏ రకం పడవ, ఏ చేప, ఏ తీరం అన్నదాన్ని బట్టి ఫోన్ వల్ల వచ్చే లాభం మారుతోందని, ధర తెలిసిన ప్రతివాడూ రేవు మార్చడం లేదని వాళ్లు చూశారు. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

పడవని ఇంకో రేవుకి తిప్పొచ్చు. మీరు బస్తాలు లారీకెత్తి, హమాలీ కట్టి, తెల్లారేసరికి ఎనుమాముల యార్డులో దించాక ఎక్కడికి తిప్పుతారు? జెండా పాట అంటే ఆ రోజు యార్డులో అన్నిటికన్నా మంచి రాశి చూసి పెట్టే ధర. మీ కుప్ప దగ్గరికి వచ్చేసరికి ఖరీదుదారు గుప్పెడు కాయ తీసి విరిచి చూసి తేమ ఉందంటాడు, తాలు ఎక్కువుందంటాడు, రంగు రాలేదంటాడు. ఆ మాటలు వాట్సాప్‌లో రావు కదా. పైగా సీజను మొదట్లో విత్తనాలకో, పురుగుమందులకో అడ్తీదారు, అంటే కమీషన్ ఏజెంటు దగ్గర పైసలు తెచ్చుకున్న రైతు, పక్క జిల్లాలో ఎంత ధర ఉందని తెలిసినా సరే, సరుకు అక్కడే దించాలి. అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీ చేతికొచ్చేసరికి బాకీ కోసుకోగా మిగిలిందే మిగిలింది. ఫోన్ ధర చెప్తుంది గానీ అప్పు తీర్చదు.

అట్లని ఫోన్ పనికిరాదని నేను అనను. ఇవాళ పాటలో ధర బాగా తగ్గిందని తెలిసి ఒక వారం కోల్డ్ స్టోరేజీలో ఆపుకోగలిగిన రైతుకి అది లక్షల మాట. అంటే ఒకే మెసేజ్ ఇద్దరు రైతులకు రెండు రకాలుగా పనిచేస్తోంది. ఎవరికి పనిచేస్తోంది, ఎవరికి లేదు అని మన దగ్గర కూర్చుని లెక్క తీయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. మీ దగ్గర పాత తక్‌పట్టీలు ఉంటే పారేయకండి. ఆ రోజు జెండా పాట ఎంత, మీకు పడింది ఎంత, ఖరీదుదారు చెప్పిన వంక ఏమిటి అని ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టండి. మీ ఊళ్లో పది మంది రెండు సీజన్లు రాస్తే, పైన ఉత్తరం రాసిన అమ్మాయి లాంటివాళ్లకు అంతకన్నా విలువైనది ఇంకోటి దొరకదు. మార్కెట్ కమిటీని నిలదీయడానికి మీకూ పనికొస్తుంది.

"మా ఊరి వాట్సాప్ గ్రూప్‌లో 240 మంది ఉన్నారు. ఎన్నికలప్పటి మెసేజ్‌లన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి నా పీజీ ప్రాజెక్టుకు వాడుకుందామనుకుంటున్నా. నేనూ మెంబర్‌నే కదా, ఇంకా పర్మిషన్ దేనికి?" – పీజీ విద్యార్థి, వరంగల్

తమ్మీ, పర్మిషన్ కావాలి. నువ్వు మెంబరువి అయింది ఊరివాడిగా, పరిశోధకుడిగా కాదు. పెద్దపెద్దవాళ్లే ఇక్కడ తప్పు చేశారు. 2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్ 6,89,003 మంది ఖాతాల్లో సంతోషంగా ఉండే పోస్టులు కొందరికి, బాధగా ఉండే పోస్టులు కొందరికి తగ్గించి, వాళ్లు రాసే రాతలు మారతాయా అని చూసింది. వాళ్లలో ఎవరినీ ముందు అడగలేదు. 2014లో ఆ సంగతి బయటికి రాగానే ప్రపంచమంతా తిట్టిపోసింది. తేలిన ఫలితం ఏమిటో చాలామందికి గుర్తు లేదు, అడగకుండా చేశారన్నదే గుర్తుంది.

నువ్వు గ్రూప్‌లోనే మెసేజ్ పెట్టు, తర్వాత గ్రామ పంచాయతీ దగ్గర పదిమంది కూడినప్పుడు నోటితో కూడా చెప్పు, వద్దన్నవాళ్ల మెసేజ్‌లు తీసేయ్, పేర్లు, ఫోన్ నంబర్లు మొదటి రోజే చెరిపేయ్. కులం పేరు పెట్టి తిట్టుకున్న మెసేజ్‌లు ఉంటాయి, వాటిని ఎట్లా రాయాలో గైడుని అడగకుండా ముట్టుకోవద్దు. రేపు నువ్వు ఆ ఊళ్లోనే బతకాలి.

ఇంకోమాట. పుకారు ఎట్లా పాకిందో అందరూ రాస్తారు, ఎట్లా ఆగిందో ఎవరూ రాయరు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పాకి దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు, ఆ జూలైలోనే మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. అదే రోజుల్లో జోగులాంబ గద్వాల వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పోలీసులను ఊళ్లకు పంపి, డప్పుతో, పాటలతో జానపద కళాకారుల చేత చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన పుకారుకి డప్పు అడ్డం పడింది. మీ గ్రూప్‌లో అట్లా ఒక అబద్ధాన్ని ఆపిందెవరో వెతుకు. అంగన్‌వాడీ టీచరా, మాజీ సర్పంచా, దుబాయ్ నుంచి మెసేజ్ పెట్టిన అన్నా?

"కొన్నేళ్ల కింద రేషన్ కార్డులు పోయినప్పుడు 'మేం తీయలేదు, కంప్యూటర్ తీసేసింది' అని చెప్పేవారు. కంప్యూటర్‌కి మా ఊరి సంగతి ఏం తెలుసు? ఇది నిజంగా జరిగే పనేనా?" – సామాజిక కార్యకర్త, భూపాలపల్లి

జరిగే పనే. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ తెచ్చింది. ఒక్కో శాఖ దగ్గర విడివిడిగా ఉన్న వివరాలను, అంటే బండి ఎవరి పేరు మీద ఉంది, భూమి ఎంత ఉంది, కరెంటు మీటర్ ఎవరిది లాంటివన్నీ పక్కపక్కన పెట్టి, ఇవన్నీ ఒకే మనిషివి అని అది జత చేస్తుంది. కారు ఉందని తేలితే కార్డుకు అర్హుడు కాదు. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ జత చేసేది పేరు, అడ్రసు చూసి. మన ఊళ్లల్లో రాజయ్యలు ఎంతమంది? ఒకరి ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరిది పొట్టి అక్షరంగా రాస్తారు, ఇంగ్లీషు స్పెల్లింగు ఒక ఆఫీసులో ఒకలా ఇంకో ఆఫీసులో ఇంకోలా ఉంటుంది, ఇంటి నంబరు కొత్తదొకటి పాతదొకటి. పక్క వాడకట్టు రాజయ్య కారు ఈ రాజయ్య ఖాతాలో పడితే ఈయన కార్డు పోతుంది, అది ఎందుకు పోయిందో ఈయనకు చెప్పే మనిషి ఉండడు. అదే అన్నిటికన్నా బాధ. వెనకట డీలరు అన్యాయం చేస్తే ఆయన ఇంటి ముందు కూర్చుని అరిచేవాళ్లం.

రాష్ట్రంలో సుమారు 19 లక్షల కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, క్షేత్రస్థాయికి వెళ్లి వాటిని మళ్లీ పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. అంటే చివరికి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి చూడాల్సిందే.

మెషీన్ అందరికీ ఒకే రకంగా తప్పు చేయదు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. 2018లో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు మహిళలు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పు 0.8 శాతం దాటలేదు, నల్లని ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా పోయింది. మొత్తం సగటు చూస్తే బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, విడదీసి చూస్తే గానీ బయటపడదు. మీరు కూడా అలాగే విడదీసి అడగండి. మీ మండలంలో పోయిన కార్డుల్లో ఒంటరి ఆడవాళ్లవి ఎన్ని, కోయ గూడేల్లోవి ఎన్ని, నోటీసు ఇచ్చినవి ఎన్ని, మళ్లీ విచారణకు ఎవరైనా ఇంటికి వచ్చారా అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 'సిస్టమ్ తీసేసింది' అని జవాబొస్తే దాన్ని కాగితం మీద రాసివ్వమనండి.

"తొమ్మిదో తరగతి పిల్లలను 'మా ఊరి బతుకమ్మ' మీద రాయమన్నాను. పద్నాలుగు నోట్‌బుక్కుల్లో మొదటి వాక్యం ఒక్కటే: 'బతుకమ్మ తెలంగాణ సంస్కృతికి ప్రతీక.' ఏఐని అడిగి రాశారట. కోప్పడాలా, వదిలేయాలా?" – తెలుగు టీచర్, జమ్మికుంట

రెండూ వద్దు టీచర్ గారూ. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకే చెప్పండి. ఆ ఏఐ అంతకు ముందు మనుషులు రాసిన కోట్ల వాక్యాలు చూసి, ఈ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో లెక్కగట్టి రాస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైనే, కానీ ఇంటర్నెట్‌లో తెలుగు రాత అందులో ఏ మూలకూ రాదు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం వార్తల భాష. జమ్మికుంట పిల్లలు ఇంట్లో మాట్లాడే మాట అందులో ఎంత ఉంటుంది? అందుకే అందరికీ ఆ 'ప్రతీక' వాక్యమే వచ్చింది.

నా సలహా ఒకటుంది. ఏఐ రాసిన వ్యాసాన్ని బోర్డు మీద రాయించండి. మా ఊళ్లో ఇట్లా ఉండదు అనిపించిన చోటల్లా పిల్లల చేత ఎర్ర చాక్‌పీస్‌తో గీయించండి. తంగేడు దగ్గర్లో దొరకడం లేదని, గునుగు కట్టలు కొనుక్కొస్తున్నారని, డీజే పెట్టాక పాట అందుకునే ఆడవాళ్లు తగ్గిపోయారని, మలీద ఇప్పుడు ఎవరింట్లో చేస్తున్నారో, చెరువు నిండితే ఏ గట్టు మీద నిలబడతారో వాళ్లు చెప్తారు. అప్పుడు రాయమనండి. పిల్లలు అమ్మమ్మను అడిగి వస్తారు, నాకు ఆ నమ్మకం ఉంది. ఆ నోట్‌బుక్కులు వీలైతే మాకు పంపండి, ఒక పేజీ ఇస్తాం.

"మావాడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్లో ఏఐతో ముచ్చట పెడతాడు. అదేందిరా అంటే 'అమ్మా, అది నన్ను తిట్టదు' అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది." – గృహిణి, కాజీపేట

అమ్మా, ఇది మీ అబ్బాయితోనే మొదలవలేదు. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన, మనం టైప్ చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. దానికి ఏమీ అర్థం కాదు. ఆయన దాన్ని తయారు చేస్తుంటే నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ, కొంచెంసేపు గదిలోంచి బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. ఆయన కలవరపడిపోయి తర్వాత జీవితమంతా దీని గురించి హెచ్చరిస్తూనే ఉన్నాడు. ఇప్పటివి దానికన్నా ఎన్నో రెట్లు తియ్యగా మాట్లాడతాయి.

ఫోన్ లాక్కోకండి. 'అది నన్ను తిట్టదు' అన్నాడు కదా, ఆ మాట పట్టుకోండి. నోటిఫికేషన్లు, వాయిదాలు, చుట్టాల ఇంట్లో పెళ్లికి వెళ్తే 'ఇంకా ఏం చేస్తున్నవ్' అనే ప్రశ్న, వీటితో అలసిపోయి ఉంటాడు. నాలుగు రోజులు చదువు మాట ఎత్తకుండా రాత్రి అన్నం కలిసి తినండి. నిద్ర బొత్తిగా పోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకుండా టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

"నా భర్త దుబాయ్ పోయి ఆరేండ్లయింది. రోజూ వీడియో కాల్ చేస్తడు. అందరూ 'నీకేంది, రోజూ కనపడతడు' అంటరు. కానీ ఫోన్ పట్టుకొని ఇల్లంతా చూపియ్యమంటడు, ఎవరొచ్చిండ్రు, ఎటు పోయినవ్ అని అడుగుతడు. మా బాబు ఫోన్ చూస్తేనే ఉరుకుతున్నడు. దగ్గరయినట్టా, దూరమైనట్టా నాకు తెలుస్తలేదు." – జగిత్యాల జిల్లా

చెల్లే, మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను.

నా చిన్నప్పుడు కోరుట్ల దగ్గర మా ఊళ్లో పక్కింటాయన దుబాయ్‌లో ఉండేవాడు. ఏడాదికి ఒకటో రెండో క్యాసెట్లు పంపేవాడు, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి. టేప్‌రికార్డర్ అరుగు మీద పెట్టి వినేవాళ్లు, వాడకట్టంతా చేరేది. 'అమ్మా, నేను మంచిగున్న' అని మొదలై, బావి దగ్గర మోటారు, చెల్లె పెళ్లి, అప్పుల లెక్క... అన్నీ అయ్యాక చివర్లో భార్య పేరు పిలిచి ఒక్క క్షణం ఆగి, 'పిల్లలు పైలం' అనేవాడు. అందరి ముందు అంతకన్నా ఏం అంటాడు? ఆమె ఆ క్యాసెట్‌ను మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు చివరికి తిప్పి ఆ ఒక్క ముక్క మళ్లీ వినేది. మా అమ్మ చెప్పేది.

మీకు రోజూ కాల్ ఉంది. అక్కడ వాట్సాప్ కాల్ నడవదు కాబట్టి బోటిమ్ లాంటి కాల్ యాప్ ఏదో పెట్టుకుని ఉంటారు. ఆమెకు లేనిది మీకు ఉంది. ఆమెకు లేని బరువు కూడా మీ మీద పడింది, క్యాసెట్ ఆమెను 'ఎటు పోయినవ్' అని అడగలేదు.

మిర్కా మడియానూ, డేనియల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇంగ్లండ్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ తల్లుల దగ్గరికీ, ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఉన్న వాళ్ల పిల్లల దగ్గరికీ వెళ్లి విడివిడిగా మాట్లాడారు. 2012లో అచ్చువేశారు. ఫోన్ వచ్చాక మళ్లీ తల్లినయ్యాననిపించిందని చాలామంది తల్లులు చెప్పారు. పిల్లల్లో అందరూ అట్లా అనలేదు. అమ్మ చిన్నప్పుడే వెళ్లిపోయిన పిల్లల్లో కొందరికి ఆ కాల్స్ ఆరా తీసినట్టు, కాపలా కాసినట్టు అనిపించాయి. ఒకే కాల్ దూరంగా ఉన్నవాళ్లకు ఒకలా, ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకోలా ఉందన్నమాట. మీ మనసులో ఉన్నది మీ ఒక్కరికే పుట్టిన అనుమానం కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఆయన వైపు నుంచి చూస్తే, లేబర్ క్యాంపులో ఒక గదిలో ఏడెనిమిది మంది మధ్య, పై మంచం మీద పడుకుని కాల్ చేస్తుంటాడు. తన ఇంటిని తను చూసుకోవాలనుకుంటాడు. అది ప్రేమే కావచ్చు. కానీ ప్రతిరోజూ లెక్క చెప్పించుకోవడం మిమ్మల్ని నలిపేస్తుంటే, ఆ మాట ఆయనకు తెలియాలి. కాల్‌లో కొట్లాట అవుతుంది కాబట్టి వాయిస్ మెసేజ్ పెట్టండి, క్యాసెట్ లాగే, మధ్యలో ఎవరూ అడ్డుపడరు. 'నువ్వు ఇల్లు చూపియ్యమన్నప్పుడు నాకు బాధైతున్నది, నమ్మలేదేమో అనిపిస్తది' అని మీ మాటల్లోనే చెప్పండి. బెదిరించడం, తిట్టడం దాకా పోతే మీ పుట్టింటివాళ్లకో, మీరు నమ్మే పెద్ద మనిషికో చెప్పండి, దాచుకోకండి, మహిళా హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

బాబు సంగతి. ఫోన్ ముందు కూర్చోబెట్టి 'డాడీకి హాయ్ చెప్పు' అంటే ఏ పిల్లాడైనా ఉరుకుతాడు, వాడికి ఆ ముఖంతో పని లేదు. ఏదో ఒక పని కల్పించండి. వాడు ఆ రోజు గీసిన బొమ్మ, పట్టుకున్న తూనీగ, ఊడిన పన్ను చూపించమనండి, లేదా వాళ్ల నాయన క్యాంపులో అన్నం ఎట్లా వండుతున్నాడో కెమెరా తిప్పి ఆయన్నే చూపించమనండి. ఇన్నాళ్లూ మీ ఇల్లే చూపించారు కదా. ఒక వారం చేసి చూసి మళ్లీ రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.